మామిడి టెంకలో కొవ్వు: గుణమేమిటి, విలువెంత, రైతు వాటా ఏది?

(మామిడి రైతుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యులు అడిగిన ప్రశ్నలకు చెప్పిన జవాబులను కూడా ఇందులో కలిపాం.)



జూన్ నెల వస్తే మనకు ధర తప్ప వేరే మాట ఉండదు. 2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 రూపాయలు అన్నారు. అందులో ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం కలిపేది 4. ఆ 8 కూడా చేతికి రాలేదని ఎంతమంది మొరపెట్టుకున్నారో, ట్రాక్టర్లతో రాత్రింబవళ్లు ఎన్ని రోజులు వరసలో నిలబడ్డారో మీకు మేం చెప్పనవసరం లేదు. ధర గురించి అడగబోతే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: ‘టన్ను కాయలో సగానికి కాస్త పైన గుజ్జు వస్తుంది. మిగతాదంతా తొక్క, టెంక. ఆ చెత్త ఎత్తిపోయడానికి కూడా ఖర్చు మాదే.’

ఆ ‘చెత్త’ అన్న మాట గురించే ఈ రోజు మాట్లాడుకుందాం. టెంక లోపల ఏముంది? అందులోంచి వచ్చే కొవ్వు ఎలాంటిది? తినడానికి మంచిదేనా? ఎవరు కొంటారు? ఎంత వస్తుంది? ఆఖరున, అందులో రైతుకు అడిగే హక్కు ఏమైనా ఉందా? లెక్కలు ఉన్నవి ఉన్నట్టు చెబుతాం. ఎక్కువ చేసి ఆశ పెట్టం, తక్కువ చేసి వదిలిపెట్టం.

టెంకలో జీడి ఎంత?

టెంక అంటే పైన గట్టి పెంకు, లోపల జీడి. జీడి అంటే ఇక్కడ జీడిమామిడి పప్పు కాదు, మామిడి టెంక పగలగొడితే లోపల దొరికే పప్పు. చిన్నప్పుడు మనమంతా కొరికి, వగరుకి మొహం ముడుచుకుని పారేసినదే.

రకాన్ని బట్టి కాయ బరువులో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా టెంక ఉంటుంది. బంగినపల్లిలో టెంక పలచన, నాటు రసాల్లో టెంక పెద్దది. గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే తోతాపురి మధ్యస్తం. దీన్నే కొందరు బెంగళూరు కాయ అంటారు, కోస్తాలో కలెక్టర్ కాయ అంటారు. టెంక బరువులో సుమారు సగం జీడి. పచ్చి జీడిలో మళ్లీ సగానికి దగ్గరగా నీరే. ఆ నీరు పోయేలా ఎండబెడితే మిగిలిన పప్పులో వందకు ఏడు నుంచి పన్నెండు పాళ్లు కొవ్వు.

ఇది ఎవరో గాలిలో చెప్పిన మాట కాదు. హైదరాబాద్‌లోని ప్రాంతీయ పరిశోధనా ప్రయోగశాల, అంటే ఇప్పటి ఐఐసిటి శాస్త్రవేత్తలు 43 రకాల మామిడి టెంకలు తెచ్చి పరీక్షించి 1983లో ఫలితాలు ప్రచురించారు. ఈ కొవ్వు గురించి ప్రపంచంలో ఎవరు రాసినా ఇప్పటికీ ఆ అంకెలే ఎత్తి చూపుతారు. అంటే మన టెంకలో ఏముందో మన దేశానికి నలభై ఏళ్లకు పైగా తెలుసు. మన రైతుకే ఎవరూ చెప్పలేదు.

వేరుశనగ పప్పులో సగం దాకా నూనె ఉంటుంది. నువ్వుల్లోనూ అంతే. వాటితో పోలిస్తే మామిడి జీడిలో ఉండేది చాలా తక్కువ. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, లెక్కల దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

ఇది నూనె కాదు, కొవ్వు

వేరుశనగ నూనె గిన్నెలో పోస్తే జారుతుంది. మామిడి జీడి నుంచి తీసినది గది వేడిలో గడ్డ కట్టి ఉంటుంది, నెయ్యి పేరుకున్నట్టు. సుమారు 35 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. అంటే డబ్బాలో గడ్డగా ఉండి, నోట్లో వేసుకుంటే, చర్మానికి రాసుకుంటే కరిగిపోతుంది. దాని విలువంతా ఈ ఒక్క గుణంలోనే ఉంది. ఎందుకలా అవుతుందో కాస్త రసాయన శాస్త్రం చూద్దాం. భయపడకండి, ఎరువుల బస్తా మీద నత్రజని, భాస్వరం, పొటాష్ పాళ్లు చదివే రైతుకు ఇది కష్టం కాదు.

ఏ నూనె అయినా, కొవ్వు అయినా కొన్ని కొవ్వు ఆమ్లాల కలయిక. ఏ ఆమ్లం ఎంత ఉందో తెలిస్తే ఆ నూనె స్వభావం తెలిసిపోతుంది. మామిడి జీడి కొవ్వులో ముఖ్యంగా నాలుగున్నాయి.

మొదటిది స్టియరిక్ ఆమ్లం. ఇది గడ్డకట్టే గుణం ఉన్న సంతృప్త కొవ్వు ఆమ్లం. రకాన్ని బట్టి 24 నుంచి 57 శాతం దాకా ఉంటుంది, ఎక్కువ రకాల్లో 40కి అటూ ఇటూ.

రెండోది ఓలియిక్ ఆమ్లం. ఇది ద్రవంగా ఉండే గుణం ఉన్నది, వేరుశనగ నూనెలోనూ ఎక్కువగా ఉండేది ఇదే. మామిడిలో 34 నుంచి 56 శాతం.

మూడోది పామిటిక్ ఆమ్లం. పామాయిల్‌లో ఇది నలభై శాతానికి పైన ఉంటుంది. మామిడి జీడిలో చాలా రకాల్లో పది శాతం లోపే.

నాలుగోది లినోలియిక్ ఆమ్లం. మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేనిది, తిండి ద్వారానే రావలసినది. ఇది మామిడిలో తక్కువ, ఎక్కువ రకాల్లో ఐదారు శాతం.

ఈ ఆమ్లాలు మూడేసి చొప్పున ఒక గుత్తిగా కట్టుకుని ఉంటాయి. మామిడి కొవ్వులో ఎక్కువ గుత్తులకు అటూ ఇటూ స్టియరిక్, మధ్యలో ఓలియిక్. ఆ అమరిక వల్లే కరిగేటప్పుడు కొంచెం కొంచెంగా సాగకుండా, ఒక వేడి దగ్గరికి రాగానే చప్పున కరిగిపోతుంది. కోకో గింజల వెన్నలోనూ గుత్తుల అమరిక ఇలాగే ఉంటుంది. అందుకే చాక్లెట్ చేసేవాళ్ల చూపు మామిడి టెంక మీద పడింది.

కొనేవాళ్లు వాడే మరికొన్ని మాటలున్నాయి. బేరానికి కూర్చున్నప్పుడు అవి తెలిసి ఉండాలి. అయోడిన్ విలువ అంటే ఆ కొవ్వు ఎంత పలచనో, ఎంత త్వరగా పాడవుతుందో చెప్పే అంకె. వేరుశనగ నూనెకు ఇది 85 నుంచి 100 దాకా ఉంటే, మామిడి జీడి కొవ్వుకు 32 నుంచి 57 లోపు ఉంటుంది. అంకె తక్కువ అంటే గాలి తగిలినా త్వరగా ముక్కిపోదు, నిల్వ ఉంటుంది. సపోనిఫికేషన్ విలువ అంటే సబ్బుగా మారడానికి ఎంత క్షారం పడుతుందో చెప్పేది, ఇది 185 నుంచి 198 దాకా. సబ్బులకు పనికొస్తుందనడానికి అదే గుర్తు. మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఆమ్ల విలువ. మొదటి రెండూ చెట్టు ఇచ్చే గుణాలు. ఈ మూడోది మాత్రం మనిషి చేతిలో ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాం.

తినడానికి మంచిదేనా?

ఈ ప్రశ్న మన సభ్యుల్లో చాలామంది అడిగారు. దేశంలోని ఆహార భద్రతా నిబంధనల్లో మామిడి జీడి కొవ్వుకు విడిగా ప్రమాణం ఉంది. అంటే శుద్ధి చేసినది తినదగిన కొవ్వుగా చట్టం ఒప్పుకున్నదే.

ఇక ఆరోగ్యం మాట. సంతృప్త కొవ్వు అనగానే గుండెకు చెడ్డదని భయపడతాం. అది చాలావరకు నిజమే. కానీ సంతృప్త కొవ్వులన్నీ ఒకలా పనిచేయవు. పామిటిక్ ఆమ్లం రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. స్టియరిక్ ఆమ్లం అలా పెంచదని పరిశోధనల్లో తేలింది. మామిడి కొవ్వులో ఉన్న సంతృప్త భాగంలో ఎక్కువ స్టియరిక్ కనుక, పామాయిల్‌తో పోలిస్తే ఇది మెరుగే.

రెండో మేలు మరొకటి. వనస్పతి చేయడానికి పలచటి నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచేవారు. ఆ పద్ధతిలో ట్రాన్స్ కొవ్వులు పుడతాయి, అవి గుండెకు మరీ హాని. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదని నిబంధన వచ్చింది. మామిడి కొవ్వు పుట్టుకతోనే గట్టిది. దాన్ని గట్టిపరిచే పనే లేదు కనుక ఆ బాధ లేదు. బిస్కెట్లకు, బేకరీ సరుకులకు గట్టి కొవ్వు కావలసిన చోట ఇది పనికొస్తుంది.

అయితే ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. ఇది మన వంటింట్లో వేరుశనగ నూనెకో, నువ్వుల నూనెకో బదులు కాదు. ఒంటికి కావలసిన లినోలియిక్ ఆమ్లం ఇందులో బాగా తక్కువ. ‘మామిడి టెంక నూనె సర్వరోగ నివారిణి’ అంటూ ఎవరైనా చిన్న సీసాల్లో పోసి అమ్మబోతే నమ్మకండి. ఇది మంచి కొవ్వే, మందు మాత్రం కాదు.

చాక్లెట్‌లో మామిడి

2000లో ఐరోపా సమాఖ్య చాక్లెట్‌పై ఒక చట్టం చేసింది. కోకో వెన్న కాకుండా వేరే మొక్కల కొవ్వులు ఆరింటిని చాక్లెట్‌లో 5 శాతం దాకా కలపవచ్చని, కలిపితే ఆ సంగతి పొట్లం మీద రాయాలని అందులో ఉంది. ఆ ఆరింటిలో మామిడి జీడి కొవ్వు ఒకటి. సాల గింజల కొవ్వు, కోకం కొవ్వు కూడా జాబితాలో ఉన్నాయి. ఈ మూడూ మన దేశంలో దొరికేవే. సబ్బులు, ఒంటికి రాసుకునే క్రీములు, పెదవులకు పూసే వెన్న తయారుచేసే కంపెనీలు కూడా దీన్ని కొంటాయి. ‘మ్యాంగో బటర్’ అని అందమైన డబ్బాల్లో అమ్మేది చాలావరకు మన పారేసిన టెంకలోదే.

కోకో కొరత వస్తే ఈ కొవ్వులకు గిరాకీ పెరుగుతుంది. 2024లో ప్రపంచ మార్కెట్లో కోకో గింజల ధర టన్నుకు 10,000 డాలర్లు దాటింది. అలాంటి సమయాల్లో చాక్లెట్ కంపెనీలు బదులు కొవ్వుల కోసం వెతుకుతాయి. ఇక్కడ ఒక సభ్యుడు మంచి ప్రశ్న వేశాడు: ‘గోదావరి జిల్లాల్లో, ఏలూరు ప్రాంతంలో కొబ్బరి తోటల్లో కోకో వేసిన రైతులూ మనవాళ్లే కదా, మన లాభం వాళ్లకు నష్టం కాదా?’ 5 శాతం హద్దు అందుకే ముఖ్యం. ఆ హద్దు ఉన్నంతకాలం మామిడి కొవ్వు కోకోను తోసిపుచ్చలేదు. ఆ హద్దును సడలించమని కంపెనీలు అడిగితే మన సంఘం కోకో రైతు పక్కనే నిలబడాలి. ఒక రైతును చూపించి ఇంకో రైతు ధర తగ్గించడం వ్యాపారులకు పాత అలవాటు.

తేమ, బూజు: అసలు పరీక్ష ఇక్కడే

ఇందాక ఆమ్ల విలువ మనిషి చేతిలో ఉందన్నాం. అది ఎలాగో చూద్దాం.

తోతాపురి ఫ్యాక్టరీలకు చేరేది జూన్ నుంచి ఆగస్టు దాకా. సరిగ్గా వానల కాలం. గుజ్జు యంత్రంలోంచి టెంక బయటపడేటప్పుడు దానికి గుజ్జు అంటుకునే ఉంటుంది. దాన్ని కుప్ప పోస్తారు. వాన పడుతుంది. రెండు రోజుల్లో పులుస్తుంది, ఈగలు ముసురుతాయి, ఆ చుట్టుపక్కల ఊళ్లలో వాసనకు అన్నం సయించదు. లోపల జరిగేది అంతకంటే నష్టం. తడి జీడిలో ఉన్న ఎంజైములు కొవ్వు గుత్తులను విడగొడతాయి. విడిపోయిన ఆమ్లమే ఆమ్ల విలువగా కనబడుతుంది. ఆమ్లం ఎంత పెరిగితే శుద్ధిలో తరుగు అంతకంటే ఎక్కువ పోతుంది. తిండికి పనికొచ్చే సరుకు సబ్బు సరుకైపోతుంది, ధర పడిపోతుంది.

రెండోది బూజు. తడిసిన జీడి మీద పట్టే కొన్ని బూజులు విషం పుట్టిస్తాయి. వేరుశనగ రైతులకు అఫ్లాటాక్సిన్ అంటే ఏమిటో తెలుసు, ఇదీ ఆ కోవలోదే.

ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో, పక్కన ఒడిశా కొండల్లో గిరిజనులు వానాకాలం తిండి దొరకని రోజుల కోసం మామిడి జీడిని ఎండబెట్టి, దంచి, నానబెట్టి, నీళ్లు మార్చి వగరు తీసి అంబలి కాచుకుంటారు. టెంక అంబలి అంటే అదే. 2001లో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో ఆ అంబలి తాగిన పలువురు చనిపోయారు. 2024లో కంధమాల్ జిల్లాలో అలాంటి మరణాలే మళ్లీ జరిగాయి. జీడి సహజంగా విషం కాదు. తేమలో నిల్వ ఉండి బూజు పట్టిన జీడి విషమవుతుంది. అయినా వేరే గింజ ఇంట్లో ఉంటే ఆ బూజు పట్టిన పిండి ఎవరూ తినరు. ఆ చావులకు బూజు ఎంత కారణమో, రేషన్ సరిగా అందని ఆకలి అంత కారణం. మనం విలువైన సరుకని మాట్లాడుకుంటున్న దాన్నే కొండ మీద గతిలేక తింటున్నారన్న సంగతి మరిచిపోవద్దు.

కనుక పద్ధతి ఏమిటి? టెంక బయటపడిన రోజే కడగాలి. పలచగా పరిచి ఆరబెట్టాలి. వాన రోజుల్లో కళ్లంలో ఎండను నమ్ముకోలేం. పైకప్పు ఉన్న షెడ్డు, వేడిగాలి డ్రయ్యరు కావాలి. పెంకు ఆరాక యంత్రంతో పగలగొట్టి జీడి తీయాలి. జీడిని తేమ పది శాతం లోపుకు వచ్చేదాకా ఎండబెట్టి, గాలి ఆడే చోట, నేలకు తగలకుండా నిల్వ చేయాలి. నల్లబడ్డది, పురుగు పట్టినది, బూజు పట్టినది ఏరి పారేయాలి. దాన్ని పశువులకు కూడా పెట్టకూడదు.

గానుగతో ఎందుకు రాదు?

మన ఊళ్లలో ఈ మధ్య గానుగ నూనె వ్యాపారం పెరిగింది కనుక ఈ ప్రశ్న సహజం. నలభై యాభై పాళ్లు నూనె ఉన్న గింజను గానుగ ఆడితే చాలా భాగం బయటికి వస్తుంది, కొంత పిండిలో మిగులుతుంది. పది పాళ్లే కొవ్వు ఉన్న జీడిని ఆడితే, పిండిలో మిగిలేదే చాలా భాగం. చేతికి వచ్చేది చాలా తక్కువ. అందుకే దీన్ని హెక్సేన్ అనే ద్రావకంతో తీస్తారు. జీడిని పలచటి రేకుల్లా నలిపి, ద్రావకంలో కొవ్వు కరిగించి, తర్వాత ద్రావకాన్ని వేడితో ఆవిరి చేసి వేరుపరుస్తారు. హెక్సేన్ పెట్రోలులా అంటుకునేది. ఇది షెడ్డులో పెట్టుకునే పని కాదు, అనుమతులున్న పెద్ద మిల్లులో జరగవలసినది. అలా తీసిన నూనెను శుద్ధి చేయకుండా తినడానికి అమ్మకూడదు. శుద్ధి అయ్యాక హెక్సేన్ పది లక్షల పాళ్లలో 5 పాళ్లు మించకూడదని నిబంధన.

అందువల్ల ‘ఈ యంత్రం కొనండి, మామిడి టెంక నూనె తీసి లక్షలు సంపాదించండి, నూనె మేమే తిరిగి కొంటాం’ అని ఎవరైనా మీ ఊరికి వస్తే సంతకం పెట్టకముందు సంఘానికి చెప్పండి. రైతు స్థాయిలో, రైతుల సంస్థ స్థాయిలో చేయగలిగినది శుభ్రమైన ఎండు జీడి తయారుచేయడం వరకే. కొవ్వు తీయడం మిల్లు పని.

లెక్క వేద్దాం

ఇప్పుడు ఉజ్జాయింపుగా లెక్క చూద్దాం. టన్ను తోతాపురి కాయ. అందులో టెంక 150 కిలోలు అనుకుందాం. పచ్చి జీడి సగం, అంటే 75 కిలోలు. ఎండితే 40 కిలోలు. అందులో పదో వంతు కొవ్వు, అంటే 4 కిలోలు.

టన్ను కాయకు నాలుగు కిలోల కొవ్వు, అంతే. కొవ్వు కిలో 100 రూపాయలు అనుకుంటే 400 రూపాయలు. 300 అనుకుంటే 1,200 రూపాయలు. అదే టన్ను కాయకు ఫ్యాక్టరీ ఇస్తానన్నది కిలోకు 8 చొప్పున 8,000 రూపాయలు. అంటే కాయ మీద కిలోకు 40 పైసల నుంచి రూపాయి 20 పైసల దాకా. అది కూడా కడగడం, ఆరబెట్టడం, పగలగొట్టడం, రవాణా, మిల్లు ఖర్చులు తీయకముందు.

కాబట్టి టెంక కొవ్వు మన కష్టాలు తీరుస్తుందని ఎవరైనా చెబితే అది అబద్ధం. కిలో 12 అన్నచోట 8 కూడా రాని లోటును టెంక పూడ్చలేదు. కానీ టెంక ఉత్త చెత్త అన్నా అబద్ధమే. ఒక్క రైతు దగ్గర నాలుగు కిలోలు చిన్న మాట. లక్ష టన్నుల కాయ ఫ్యాక్టరీలకు చేరితే ఇదే లెక్కన 4,000 టన్నుల ఎండు జీడి, 400 టన్నుల కొవ్వు. అది చిన్న మాట కాదు. చిన్న మొత్తాలు ఒకచోట చేరితేనే విలువ వచ్చే సరుకు ఇది. ఆ చేరేది ఎక్కడ? ఫ్యాక్టరీ గేటు లోపల. అందుకే లాభం కూడా గేటు లోపలే ఆగిపోతోంది.

కొవ్వు తీశాక జీడిలో తొంభై పాళ్లు మిగిలే ఉంటుంది. అందులో ఎక్కువ పిండి పదార్థం, ఆరేడు శాతం మాంసకృత్తులు. అడ్డం వచ్చేది వగరు, అంటే టానిన్లు. టానిన్లు మాంసకృత్తులను పట్టేసి అరగనివ్వవు. అందుకే పశువుల దాణాలో పదో వంతు దాటకుండా కలపాలి. కోళ్లకు ఇంకా తక్కువ, అదీ నానబెట్టి లేదా ఉడికించి వగరు తగ్గించాకే. పెంకు బాయిలర్లలో వంటచెరకు. ఇవి కాక, రైల్వే కోడూరు, కడియం లాంటి చోట్ల నర్సరీలకు అంటు కట్టే మొక్కలు పెంచడానికి టెంకలు కావాలి. అయితే టెంక ఎండిపోతే మొలకెత్తదు, నెల లోపే నాటాలి. అంటే మొలకకు వెళ్లే టెంకలు, కొవ్వుకు వెళ్లే టెంకలు మొదటి రోజే వేరుచేయాలి.

మనం ఏం అడగాలి?

ఉప ఉత్పత్తుల్లో రైతుకు వాటా అనేది కొత్త కోరిక కాదు. చెరకు విషయంలో 2012లో రంగరాజన్ కమిటీ ఏం చెప్పింది? చక్కెరతో పాటు మొలాసిస్, పిప్పి లాంటి ముఖ్య ఉప ఉత్పత్తుల విలువను కూడా కలిపి, అందులో 70 శాతం రైతుకు చెందాలని సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు ఎంతవరకు అమలైందన్నది వేరే పోరాటం. కానీ సూత్రం ఒప్పుకున్నారు కదా! చెరకు పిప్పికి వర్తించే న్యాయం మామిడి టెంకకు ఎందుకు వర్తించదు?

కనుక మన సంఘం తరఫున ఈ కోరికలు ముందు పెడుతున్నాం.

ఒకటి. సీజన్‌కు ముందు ధర నిర్ణయించే సమావేశంలో గుజ్జు ఆదాయంతో పాటు టెంక, తొక్క ఆదాయాన్ని కూడా లెక్కలో చూపించాలి.

రెండు. ఏ ఫ్యాక్టరీలో ఎన్ని టన్నుల టెంక వచ్చింది, ఎవరికి ఎంతకు అమ్మారు అన్న వివరాలు సీజన్ అయ్యాక బయటపెట్టాలి. అది నిజంగా చెత్తే అయితే చూపించడానికి అభ్యంతరం ఉండకూడదు.

మూడు. టెంకలను బయట కుప్పలు పోసి ఊళ్లకు వాసన, ఈగలు పంచే పద్ధతి ఆగాలి. అదే రోజు టెంక తరలించే బాధ్యత ఫ్యాక్టరీదే అని అనుమతిలోనే రాయాలి.

నాలుగు. రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, మహిళా సంఘాలు కలిసి టెంక ఆరబెట్టే షెడ్లు, పగలగొట్టే యంత్రాలు పెట్టుకోవడానికి ప్రభుత్వం సాయం చేయాలి. 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద 2 కోట్ల దాకా అప్పుకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఆ నిధి పెద్ద గిడ్డంగుల వాళ్లకే కాదు, మనకూ అందాలి.

ఐదు. తేమ, ఆమ్ల విలువ, బూజు విషం పరీక్షించే సౌకర్యం మామిడి జిల్లాల్లోనే ఉండాలి. పరీక్ష కాగితం చేతిలో లేని రైతుకు ‘మీ సరుకు బాగాలేదు’ అన్న మాటే ధర అవుతుంది.

ఇవి ప్రభుత్వాన్ని, ఫ్యాక్టరీలను అడిగేవి. మనం చేసుకోవలసినవీ ఉన్నాయి. ప్రతి మండలంలో నలుగురైదుగురు సభ్యులు కలిసి ఈ సీజన్‌లో ఒక చిన్న లెక్క తీయండి. మీ తోట కాయ వంద కిలోలు తీసుకుని, టెంక ఎంత, పచ్చి జీడి ఎంత, ఎండాక ఎంత అని తూకం వేసి రాయండి. కాటా, నోటు పుస్తకం ఉంటే చాలు. రకం పేరు, కోసిన తేదీ తప్పక రాయండి. పది మండలాల నుంచి ఆ కాగితాలు చేతికి వస్తే ధర సమావేశంలో మనం బతిమాలడం మాని లెక్క పెట్టి మాట్లాడవచ్చు. ఊళ్లో ఆవకాయ కాయలు కొట్టించే వాళ్ల దగ్గర, మామిడి తాండ్ర పోసే ఇళ్ల దగ్గర మిగిలే జీడిని కూడా ఎండబెట్టి తూచి చూడండి.

చివరగా ఒక మాట. గిట్టుబాటు ధర మన మొదటి కోరిక, అందులో మార్పు లేదు. టెంక లెక్క దానికి బదులు కాదు, దానికి బలం. ‘టెంకలు అమ్ముకుని బాగుపడండి’ అని చెప్పి ధర మాట దాటవేయాలని ఎవరు చూసినా ఒప్పుకోవద్దు. కాయంతా మన చెట్టుదే. గుజ్జు, తొక్క, టెంక, టెంకలో జీడి, జీడిలో కొవ్వు, అన్నీ మన నీళ్లు తాగి, మన ఎరువు తిని, మన చెమటతో పండినవే. తూకంలో కలిసిన ప్రతిదీ ధరలో కూడా కలవాలి. ఆ మాట మీద నిలబడదాం, సాధించుకుందాం.